డొల్ల చప్పుడు

ఇంటి నుంచి, వెనక గది

అక్కకి,

క్షేమంగా చేరాను. వ్యాన్లో వెనక సీటు మీద పడుకోబెట్టి తెచ్చారు కాబట్టి దారి ఏమీ కనపడలేదు గానీ, రోడ్డు మీద ఎన్ని గుంతలున్నాయో నా నడుంని అడిగితే చెబుతుంది.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాయమన్నావు. ఫోన్లో నేను "ఆఁ, బాగానే ఉంది" తప్ప ఇంకో ముక్క మాట్లాడనని నీ ఫిర్యాదు. పైగా నేను ఎప్పుడు చేసినా నువ్వు బస్సులో నిలబడి టిక్కెట్లు కొడుతుంటావు. సగం నాకు వినపడదు, సగం ప్రయాణికులు వింటారు. సరే, కండక్టరమ్మ మాట ప్రకారం రాస్తున్నాను. పడుకుని రాయడం వల్ల అక్షరాలు గోడెక్కుతున్నాయి, సర్దుకో.

నడుంకి సూది వేయించుకోకముందు కంటే ఇప్పుడు నొప్పి ఎక్కువగానే ఉంది. డాక్టరు ముందే చెప్పాడుగా, మొదట్లో పెరుగుతుంది, లోపల పని జరుగుతోందని అర్థం, కంగారుపడి మామూలు నొప్పి మాత్రలు మింగితే ఆ పని ఆగిపోతుందని. వంగొద్దు, బరువెత్తొద్దు, కాస్త కాస్త నడవమన్నాడు. కొత్తగా వేసిన నేల మీద మనం ఎవర్నీ అడుగు పెట్టనివ్వం కదా, నా నడుం కూడా ఇప్పుడు అలాంటిదే అనుకుని పడి ఉన్నాను.

నా చేతిలోంచి రక్తం తీసి, గిర్రున తిప్పే మిషన్లో పెట్టి, పైకి తేలిన పసుప్పచ్చటి నీళ్ళని నడుంలోకి ఎక్కించారని పిచ్చుకకి చెప్పాను. "అంటే ఇన్నేళ్ళూ మందు నీ ఒంట్లోనే పెట్టుకుని మమ్మల్ని ఏడిపించావన్నమాట" అన్నాడు. మన తమ్ముడికి చిన్నప్పుడు నువ్వు పెట్టిన ఆ పేరు ఇక్కడ పనివాళ్ళందరికీ పాకింది. గొంతుక్కూర్చుని ఒక టైలు దగ్గర్నుంచి ఇంకో టైలు దగ్గరికి గెంతుకుంటూ పోతాడని వాళ్ళూ పిచ్చుక మేస్త్రీ అనే అంటున్నారు. నేను లేని రోజుల్లో వాడొక్కడే ఒక ఇంటి నేలంతా వేశాడట.

ఒక్క సంగతి రాయాలి. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే నా నడకకి ముందు నువ్వు కింద కూర్చుని నా కాళ్ళకి మేజోళ్ళు తొడిగావు. రోజంతా బస్సులో నిలబడేదానివి. నా పాదాలు నీ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి దగ్గర బొక్క చూసి "దీనికి కూడా సూది పడాలి" అన్నావు. నువ్వు నవ్వావు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత మనిషిని, నా కాళ్ళు నేను అందుకోలేకపోయాను.

ఇంకోటి. సూది గుచ్చినప్పుడు నేను ఏడవలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయంతే. ఆ తేడా బావగారికి చెప్పు.

నీ పెద్ద తమ్ముడు


డిపో వెనక వీధి, మేడ మీద

ఒరేయ్ పెద్దోడా,

నీ ఉత్తరం బస్సు ఆఖరి స్టాపులో ఆగినప్పుడు చదివాను. డ్రైవరు అడిగాడు, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని. మా తమ్ముడికి సిగ్గు జబ్బు పట్టుకుందని చెప్పాను.

మేజోళ్ళ గురించి అంత రాయాలా? నీకు ముక్కు తుడిచాను, లాగు తొడిగాను, నువ్వు చింపుకొచ్చిన చొక్కాకి బొత్తాలు కుట్టి నాన్న దగ్గర అబద్ధం ఆడాను. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడు తెల్లజుట్టు వచ్చాక వచ్చిందా? మీ బావ అయితే తేడా ఏమీ లేదంటున్నారు. ఏడుపు ఏడుపేనట.

మాత్రల జోలికి పోకు. నా మరదలికి కూడా చెప్పు, నువ్వు మూలిగితే మనసు కరిగి ఒకటి చేతిలో పెట్టేస్తుంది. పనికి వెళ్ళినా కుర్చీలో కూర్చో. నీ నోరు బాగానే ఉంది కదా, నోటితో చేయించు. వంగేపని పిచ్చుక చూసుకుంటాడు. వాడు కాదనడు. అదే వాడితో చిక్కు.

ఎలా ఉన్నావో ఉన్నది ఉన్నట్టు రాయి. తగ్గితే తగ్గిందని, తగ్గకపోతే తగ్గలేదని. నన్ను మభ్యపెట్టాలని చూడకు. టికెట్ తీసుకోనివాడి మొహం నాకు బస్సు మెట్టెక్కుతుండగానే తెలిసిపోతుంది.

అక్క


ఇంటి నుంచి

అక్కకి,

రాయడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నేను లేచి తిరుగుతున్నాను. వీధి చివరి దాకా వెళ్ళొస్తున్నాను. పనిలోకి కూడా వెళ్తున్నాను, నడుం బెల్టు కట్టుకుని, నిలబడి చేసే పనులకే. కొలతలు తీయడం, కటింగ్ మిషన్ దగ్గర టైల్స్ కోయడం, ఇంటివాళ్ళతో మాట్లాడటం. మిగతాదంతా పిచ్చుకే. బస్తాలు వాడే మోస్తున్నాడు, సిమెంటు మాలు వాడే కలుపుతున్నాడు, వాడే గొంతుక్కూర్చుని వేస్తున్నాడు. మధ్యమధ్యలో తలెత్తి నన్ను చూసి "కూర్చో అన్నయ్యా" అంటాడు.

నొప్పి సంగతి అడిగావు. అలాగే ఉంది. ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది, మర్నాడు మళ్ళీ మొదలు. డాక్టరు నెలలు పట్టొచ్చన్నాడుగా. చూద్దాం.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

నీ పెద్ద తమ్ముడు


డిపో వెనక వీధి

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి మనసు బాగాలేదు. అంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. నొప్పి ఎక్కువై కూర్చోలేక ఆపేశావేమో అనుకున్నాను.

సెలవు రోజున ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ పేరు మీద చీటీ రాయించి వరసలో కూర్చున్నాను. అక్కడున్న అమ్మాయి పేషెంటు ఎవరమ్మా అంటే నేను కాదు మా తమ్ముడు, రాలేడు, నడుం లేవట్లేదు అన్నాను. అందరూ నావంక చూశారు. డాక్టరు మంచివాడే, విసుక్కోలేదు. ఈపాటికి కొంతైనా మార్పు కనపడాలి, కొందరికి అసలు పనిచేయదు, అవసరమైతే మళ్ళీ ఒకసారి చేద్దాం, ఓసారి తీసుకురండి అన్నాడు. నేను ఆయన్ని గట్టిగానే అడిగాను, ఇంత చేసి మావాడికి గుణం కనపడకపోతే ఎలాగండీ అని. పాపం, ఆయన తల దించుకున్నాడు.

బయటికి వచ్చాక నాకే చిన్నతనం అనిపించింది. అయినా ఫరవాలేదు. నువ్వు రా. ముందు గదిలో మంచం నీకు అలాగే వేసి ఉంచుతాను. మేజోళ్ళు కొత్తవి కొన్నాను, బొక్కలు లేవు.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

నువ్వు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళావు? నన్ను ఒక్క మాట అడగాల్సింది. ఇంకెప్పుడూ వెళ్ళొద్దు. ఆయన్ని ఏమీ అనొద్దు. ఆయన తప్పేమీ లేదు. రెండో సూది వద్దు, ఇలాగే నెట్టుకొస్తాను.

అది వదిలేయ్. ఒక మంచి మాట చెబుతాను. మొన్న ఒక ఇంటికి పిలిచారు. పిచ్చుక ఒంట్లో నలతగా ఉందని ఇంట్లోనే పడుకున్నాడు, నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆ ఇంటావిడ వంటగదిలో ఎవరో కొత్తగా నేల వేసి వెళ్ళారు. చూడ్డానికి అద్దంలా ఉంది. సందులు సమానం, ఎక్కడా వంకర లేదు. కానీ నడుస్తుంటే ఏదో తేడాగా ఉందండీ అంటుంది ఆవిడ, ఏమిటో చెప్పలేకపోతోంది. నేను సింకు కింద మూలకి వెళ్ళి వేలి కణుపుతో కొట్టాను. డొల్ల. పక్కది కొట్టాను, అదీ డొల్లే. గోడవార వరసంతా అంతే. కింద మాలు సరిగ్గా పరవకుండా, నాలుగు మూలలా ముద్దలు పెట్టి పైన అతికించి పోయాడు ఆ మహానుభావుడు. ఆవిడకి కూడా వినిపించాను. మంచి టైలు మీద ఒకసారి, డొల్ల దాని మీద ఒకసారి. ఆవిడ మొహం చూడాల్సింది. ఇల్లంతా మాకే ఇచ్చింది.

నాన్న ఉంటే వీపు తట్టేవాడు.

నీ పెద్ద తమ్ముడు


డిపో వెనక వీధి

పెద్దోడా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన మెచ్చుకున్నారు. నేను మాత్రం సింకు దగ్గర ఆగిపోయాను.

నేను కూడా మేస్త్రీ కూతుర్నే. నాన్న వేసిన ప్రతి నేలా ఆరాక కొట్టి చూసేది నేను. నా చెవినే నమ్మేవాడాయన. టైలు డొల్లో కాదో వేలి కణుపుతో వినాలంటే కింద కూర్చోవాలి, చెవి నేలకి దగ్గరగా పెట్టాలి. సింకు కింద మూల అంటే మెడ వంచి లోపలికి దూరాలి. ఒకటి కాదు, వరసంతా కొట్టానంటున్నావు. నొప్పి అలాగే ఉన్నవాడివి, బెల్టు కట్టుకుని నిలబడి ఎలా విన్నావురా?

ఇంకో సంగతి. చెప్పనని మాట ఇచ్చాను, ఆ మాట తప్పుతున్నాను. నువ్వు ఆ ఇంటికి వెళ్ళిన రోజే పిచ్చుక నాకు ఫోన్ చేశాడు. మోకాళ్ళు రెండూ వాచాయట, మడత పడటం లేదట. ఆ డాక్టరు మోకాళ్ళకి కూడా ఆ సూది వేస్తాడా అక్కా అని అడిగాడు. కనుక్కుంటానన్నాను. అన్నయ్యకి చెప్పకు, నా వల్లే అని బాధపడతాడు, అసలే నడుం తగ్గక నలిగిపోతున్నాడు అన్నాడు.

ఇప్పుడు రాయి.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

నువ్వు ప్రతిదానికీ అనుమానపడితే ఎలా? ఆ టైల్స్ కొట్టింది పిచ్చుకే. నేను పక్కన నిలబడి విన్నాను. రాసేటప్పుడు నేను అని పడిపోయింది. మేమిద్దరం చేసిన పని నేను అని రాయడం నాకు అలవాటే.

వాడి మోకాళ్ళ సంగతి చూస్తాను.

నీ తమ్ముడు


బస్సులోంచి

నీ కిందటి ఉత్తరం నా దగ్గరే ఉంది. పిచ్చుక ఇంట్లో పడుకున్నాడు, నువ్వొక్కడివే వెళ్ళావు. నీ చేత్తో నువ్వే రాశావు.

టికెట్ లేనివాడు ఎక్కేటప్పుడు ఒక కథ చెబుతాడు, దిగేటప్పుడు ఇంకోటి చెబుతాడు. దిగు.

అక్క


ఇంటి నుంచి, వెనక గది

అక్కకి,

దిగాను.

నొప్పి పోయింది. పూర్తిగా పోయింది. పోయి చాలా కాలమైంది, నీకు ఆ చిన్న ఉత్తరం రాసేనాటికే పోయింది. నువ్వు డాక్టరు ముందు కూర్చుని ఆయన్ని నిలదీసిన రోజున నేను ఇక్కడ మంచినీళ్ళు తాగినంత సులువుగా వంగి చెప్పులు వేసుకుంటున్నాను, ఎవరూ చూడకుండా. ఆయన తల దించుకున్నాడని నువ్వు రాస్తే ఆ కాగితం చేతిలో పట్టుకోలేకపోయాను. నాకు అంత మేలు చేసిన మనిషిని నీ చేత మాట అనిపించాను.

ఎలా జరిగిందో చెబుతాను. కట్టుబడి సగంలో ఉన్న ఒక ఇంట్లో, స్నానాల గదిలో కొలతలు తీస్తున్నాను. చెవి మీద పెన్సిలు జారి కింద పడింది. ఏమీ ఆలోచించకుండా వంగి తీసుకున్నాను. నిటారుగా లేచాక గుర్తొచ్చింది, నేను వంగానని. మళ్ళీ పడేశాను, మళ్ళీ తీశాను. పిచ్చిపట్టినవాడిలా పడేసి తీస్తూ, నాలో నేను నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఉన్నాను. బావగారికి చెప్పు, అది ఏడుపే. అప్పుడు వరండాలో పిచ్చుక అడుగుల చప్పుడైంది. నా చెయ్యి దానంతట అదే నడుం మీదికి వెళ్ళింది. వాడు తలుపు దగ్గర ఆగి, "నొప్పిగా ఉందా అన్నయ్యా" అన్నాడు. నేను తలూపాను.

అంతే అక్కా. ఒక్క తల ఊపు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు వాడు బస్తా భుజానికెత్తుకుని నన్ను దాటుకుంటూ పోతూ నవ్వాడు. ఇప్పుడు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటాడు. ఎల్లుండి అయితే ఇంకా కష్టం. అలా అలా పేరుకుపోయింది.

భయం వల్లే అని చెప్పి తప్పించుకోను. ఇంకో కారణం ఉంది. రాయడానికి మొహం చెల్లడం లేదు. నడుం పాడవకముందు నేనూ నేల మీదే బతికాను. నేల మీద ఉన్నవాడి మొహం ఎవరూ చూడరు. ఒకసారి ఒకాయన ఫోన్లో మాట్లాడుకుంటూ టైలు మీద ఉన్న నా చేతి మీదుగా దాటుకుపోయాడు. పొగరుతో కాదు, అక్కడొక చెయ్యి ఉందని ఆయన చూడనే లేదు. నడుం పాడయ్యాక నిలబడ్డాను. నిలబడితే నన్ను మేస్త్రీగారు అన్నారు. కుర్చీ వేశారు, మీరేమంటారు అని అడిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి వెళ్తున్నాను. నొప్పి పోయిందంటే మళ్ళీ కిందికి దిగాలి. నాకు దిగాలనిపించలేదు. నా బదులు నా తమ్ముడు అక్కడ ఉన్నాడు, ఉండనీ అనిపించింది.

నాన్న మనల్ని ఎన్ని తిట్లు తిట్టినా ఒక్క మాట మాత్రం అనేవాడు కాదు, ఒళ్ళు దాచుకుంటున్నావని. పనివాణ్ణి పంపించేసేటప్పుడే ఆ మాట అనేవాడు. ఇప్పుడు ఆ మాట నాది.

నడుం కోసం కొన్న వేణ్నీళ్ళ సంచి మంచం కింద కనపడటం లేదని నీ మరదల్ని అడిగాను. పిచ్చుక మోకాళ్ళకి పెట్టుకుంటున్నాడు, నీకు కావాలా, అడిగి తెస్తానుండు అంది. వద్దన్నాను.

నన్ను తిట్టు.

తమ్ముడు


డిపో వెనక వీధి

తమ్ముడూ,

తిట్టను. తిడితే నీకు హాయిగా ఉంటుంది.

నొప్పి పోయిందన్నావు, ఆ ముక్క చదివి ముందు సంతోషపడ్డాను. అది దాచుకోను. ఆ మిగతాది చదివాక ఉత్తరం మడిచి సంచి అడుగున పెట్టేశాను.

నేల మీద ఉన్నవాడి మొహం ఎవరూ చూడరన్నావు. నిజమే. నాకూ తెలుసు, నా చేతిలో చిల్లర చూస్తారు గానీ నన్ను చూడరు. కానీ పిచ్చుక మొహం చూడాల్సినవాడివి నువ్వు. వాడు కూర్చో అన్నయ్యా అన్నప్పుడల్లా నువ్వు కుర్చీ చూశావు.

నాకు చెప్పి బరువు దించుకోకు. నేను నీకు మేజోళ్ళు తొడిగిన మనిషిని, నాకు చెప్పడం తేలిక. చెప్పాల్సింది వాడికి. నేను చెప్పను, మీ బావ చేత చెప్పించను. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి క్షమించమని అడుగుతాను, మోకాళ్ళ సంగతి కూడా కనుక్కుంటాను. ఆ సిగ్గు నేను పడతాను. నీది నువ్వు పడు.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

చెప్పబోయాను. జరిగింది రాస్తాను, ఇంకేమీ దాచను.

ఒక బడి వరండా పని దొరికింది, పొడవాటిది. పిచ్చుక ఒక చివర మొదలుపెట్టాడు. నేను బెల్టు విప్పి కిటికీకి తగిలించి, ఇస్త్రీ చొక్కా మార్చి, తాపీ పట్టుకుని రెండో చివర కింద కూర్చున్నాను. మాటల్లో చెప్పలేను గనక చేతల్లో చెబుదామనుకున్నాను. మూడు టైల్స్ వేశాను. చేతులకి పని గుర్తుంది. నాలుగోది రబ్బరు సుత్తితో కొడుతుంటే వాడు చూశాడు. లేచి పరిగెత్తబోయి, మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకున్నాడు. అలాగే ఈడ్చుకుంటూ వచ్చి నా చేతిలో సుత్తి లాక్కున్నాడు, ఏం చేస్తున్నావు, నడుం ఏం కాను అని.

నొప్పి లేదురా అన్నాను.

నమ్మలేదు. లేచి వంగి చూపించాను, చేతులు నేలకి తాకించి చూపించాను. అప్పుడు వాడు అడిగాడు, "ఎప్పట్నించి?"

ఒక్క మాట అక్కా. దానికోసమే కదా ఇన్ని రోజులు తిండి సయించలేదు. నోరు తెరిచాను. "ఇవాళ పొద్దున లేచేసరికి" అని వచ్చింది.

వాడు నన్ను కరుచుకున్నాడు. పనివాళ్ళందర్నీ పిలిచి మా అన్నయ్య వంగుతున్నాడు చూడండి అని నా చేత మళ్ళీ వంగించాడు. అందరికీ టీలు తెప్పించాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చి నీ మరదలికి చెప్పాడు, ఆవిడ ఏడ్చింది. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. నేను ఏ మొహంతో

ఇక్కడ ఆపుతున్నాను.


డిపో వెనక వీధి

పిచ్చుక ఫోన్ చేశాడు. వాడి సంతోషం ఫోన్లో పట్టడం లేదు. అక్కా నీ చలవే అన్నాడు, నువ్వు పట్టుబట్టి ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళబట్టే అన్నాడు. నేనూ అప్పుడే విన్నట్టు సంతోషపడ్డాను. అవునా, నిజంగానా అన్నాను.

నన్ను కూడా కలుపుకున్నావురా.

డొల్ల టైలుకి పైన సందులో తెల్ల సిమెంటు పూస్తే సరిపోతుందా? ఏం చేస్తారు? నువ్వే చెప్పు.


ఇంటి నుంచి, ముందు గది

అక్కకి,

పగలగొట్టి తీసి మళ్ళీ వేస్తారు. ఇంకో దారి లేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే చెప్పాను. పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. బడి వరండాలో మేమిద్దరమే ఉన్నాం. వాడు గోడకి చేరబడి కాళ్ళు చాపుకుని ఉన్నాడు. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆ స్నానాల గదిలో పెన్సిలు పడిన దగ్గర్నుంచి చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను, కుర్చీ సంగతి, ఇస్త్రీ చొక్కా సంగతి. అక్కకి తెలుసు, నేనే తనని ఇందులోకి లాగాను అన్నాను. వాడు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక చాలాసేపు తన మోకాళ్ళు చూసుకున్నాడు.

"నేను కాళ్ళు వాచి ఇంట్లో పడుకున్న రోజు కూడానా?" అన్నాడు.

"ఆ రోజు కూడా" అన్నాను.

తిట్టలేదు. తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను. కొట్టినా బాగుండేది. గోడ పట్టుకుని లేచి, నేను వేసిన వరస దగ్గరికి వెళ్ళి, కిందికి దిగడానికి కిటికీ ఊచలు పట్టుకుని, మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సుత్తి పిడితో నా టైల్స్ ఒక్కొక్కటే కొట్టి వినడం మొదలుపెట్టాడు. కొత్తగా చేరిన పనివాడి పని అలా చూస్తాం. వాడికి తాపీ పట్టుకోవడం నేర్పింది నేను. ఇన్నేళ్ళలో నా పని వాడు ఎప్పుడూ కొట్టి చూడలేదు. నేను పక్కన నిలబడలేక నేనూ కూర్చున్నాను. ఒక టైలు దగ్గర ఆగాడు. రెండుసార్లు కొట్టాడు. నాకూ వినపడింది.

"ఇది తియ్యి" అన్నాడు.

అన్నయ్యా అనలేదు. తీశాను. కింద ఎండిన మాలు గీకి, కొత్తది పరిచి, మళ్ళీ వేశాను. మర్నాడు అది ఆరాక వాడు మళ్ళీ వచ్చి కొట్టి విన్నాడు. పక్కదానికి జరిగాడు.

ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య పని మాటలే నడిచాయి. దారం ఇటు లాగు, నీళ్ళు తక్కువయ్యాయి, ఇక్కడ కొలత చూడు, అంతే. ఇంట్లో కంచం ముందు కూడా వాడు నీ మరదలితోనే మాట్లాడేవాడు. ఆవిడకి కూడా నేనే చెప్పాను. ఆవిడ నా ఇస్త్రీ చొక్కాలు మడిచి పెట్టెలో పెట్టేసింది. బస్తాలు నేను మోస్తున్నాను, మరీ పెద్దవి ఇద్దరం కలిసి. కింద పని నాదే. మొన్న ఆ వంటగది ఇంటావిడ నన్ను నేల మీద చూసి గుర్తుపట్టలేదు. మేస్త్రీగారు రాలేదా అని నన్నే అడిగింది. వచ్చారండీ అని పిచ్చుకని చూపించాను. ఆవిడ వాడికి కుర్చీ వేయించింది. వాడు ఇబ్బందిగా దాని అంచు మీద కూర్చుని నావంక చూశాడు. చాలా రోజుల తర్వాత అదే వాడు నావంక చూడటం.

నా బెల్టు బడి నుంచి తెచ్చినప్పట్నించీ ఇంట్లో మేకుకే ఉంది. ఇవాళ పొద్దున చూస్తే లేదు. వెనక గదిలో పిచ్చుక కట్టుకుంటున్నాడు. బస్తాలు మోసి మోసి వాడి నడుం కూడా పట్టేస్తోందని నీ మరదలికి ముందే తెలుసట, తెలియనిది నాకొక్కడికే. నా కొలతకి కొన్నది కదా, ఆ బక్క ఒంటికి ఇంకో చుట్టు తిరిగి వచ్చింది, బిగించడం చేతకావడం లేదు. నేను వెళ్ళి వెనకనుంచి పట్టీ లాగి కట్టాను. వద్దనలేదు. అక్క దగ్గరికి వెళ్దాం, తను కనుక్కుంది, డాక్టరు మోకాళ్ళకి కూడా చూస్తాడట అన్నాను. "నొప్పి తగ్గితే ఆ రోజే చెప్తాను నేను" అన్నాడు. ఆ మాట నాకు తగలాలనే అన్నాడు, తగిలింది. తర్వాత "ఎప్పుడు వెళ్దాం అన్నయ్యా" అన్నాడు.

వచ్చే ఆదివారం తీసుకొస్తున్నాను. ముందు డాక్టరు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళి నా నడుం చూపించి, ఆయనకి చెప్పాల్సింది చెప్పుకుంటాను. ముందు గదిలో మంచం వాడికి వెయ్యి, నేను కింద పడుకుంటాను. నువ్వు కొన్న కొత్త మేజోళ్ళు వాడికి ఉంచు. పొద్దున్నే డ్యూటీకి పోయేదానివి, వాటి సంగతి నువ్వు చూడక్కర్లేదు. నేను వంగగలను.

నీ పెద్ద తమ్ముడు